ఉత్తర పినాకిని ఒడ్డున ఒక పల్లె: విదురాశ్వత్థం



బెంగళూరు నుండి హిందూపురం వెళ్ళే రైలు దొడ్డబళ్ళాపురం, గౌరిబిదనూరు దాటిన పిమ్మట ఒక చిన్న స్టేషను వస్తుంది. దాని పేరు విదురాశ్వత్థం. అనంతపురం, హిందూపురం, పెనుకొండ ప్రాంతాల నుండి జీవనోపాధికై ఈ నగరానికి వచ్చిన తెలుగువారిలో ఎందరో ఆ స్టేషనును కిటికీలోంచి చూచినవారే. దిగి చూచినవారు తక్కువ. ఆ పల్లెకూ ఈ నగరానికీ గల సంబంధం నీటి సంబంధం. నేటి ప్రసంగానికి అదే విషయం.

ముందుగా నేల. నంది కొండలు, వాటి చుట్టుపట్ల గుట్టలు ఎత్తులో మరీ గొప్పవి కావు. అయినా దక్షిణాదిన అనేక నదులకు అవి పుట్టినిల్లు. అర్కావతి అక్కడ పుట్టి దక్షిణముగా సాగి కావేరిలో కలుస్తుంది. దక్షిణ పినాకిని హొసకోట, హోసూరు మీదుగా తమిళనాడుకు పోతుంది. ఉత్తర పినాకిని మాత్రం వాయవ్యముగా గౌరిబిదనూరు వైపు సాగి, హిందూపురం వద్ద ఆంధ్రదేశంలో ప్రవేశించి, కడప, నెల్లూరు సీమలను తడిపి, సుమారు 597 కిలోమీటర్ల ప్రయాణం తరువాత సముద్రంలో కలుస్తుంది. తెలుగువారు పెన్న అని పిలుచుకొనేది దీనినే. చిత్రావతి, పాపఘ్ని కూడా ఈ పరిసరాలలోనే పుట్టి, దిగువన పెన్నను చేరుకుంటాయి. పుట్టినచోట విడిపోయిన అక్కచెల్లెళ్ళు మెట్టినింట కలుసుకొన్నట్లు ఉంటుంది ఆ తీరు.

విదురాశ్వత్థం ఈ ఉత్తర పినాకిని ఒడ్డున ఉన్న పల్లె. కురుక్షేత్ర సంగ్రామానంతరం విదురుడు ఇక్కడ అశ్వత్థ వృక్షాన్ని నాటెనని స్థలపురాణం. సంతానం కోరిన దంపతులు తరతరాలుగా ప్రతిష్ఠించిన నాగశిలలు అక్కడ బారులు తీరి వేల సంఖ్యలో ఉన్నాయి. ఆ పురాతన వృక్షం 2001లో కూలిపోయినా యాత్రికుల రాక ఆగలేదు. చుట్టుపక్కల ఊళ్ళలో కన్నడం, తెలుగు రెండూ ఇంటి భాషలే. రాగి, వేరుశనగ, మొక్కజొన్న, పట్టుపురుగులకై మల్బరీ పండిస్తారు.

చరిత్రలో ఈ పల్లె పేరు నిలిచినది 1938 ఏప్రిల్ 25న. మైసూరు సంస్థానంలో జాతీయ పతాకాన్ని ఎగురవేయుట నిషిద్ధమైన కాలమది. ఆ నెలలోనే మద్దూరు సమీపంలోని శివపురంలో ధ్వజ సత్యాగ్రహం జరిగింది. దాని వెనువెంటనే విదురాశ్వత్థంలో కూడిన జనంపై పోలీసులు కాల్పులు జరిపారు. మృతుల సంఖ్యపై అధికారుల మాట ఒకటి, ప్రజల మాట ఒకటి. ముప్పై మందికి పైగా నేలకొరిగారని ఆ ప్రాంతం నేటికీ చెప్పుకొంటుంది. తరువాతి నెలలో సర్దార్ పటేల్, దివాన్ మీర్జా ఇస్మాయిల్ మధ్య కుదిరిన ఒడంబడికతో సంస్థాన పతాకం సరసన కాంగ్రెసు పతాకానికి చోటు దొరికింది. రైతులు, కూలీలు ఒక పల్లెలో చిందించిన రక్తం సంస్థానం చేత నియమాన్ని మార్పించింది.

ఆ తాలూకా నుండే మరొక దారి బెంగళూరుకు వచ్చింది. గౌరిబిదనూరు తాలూకా హోసూరు గ్రామంలో 1920లో పుట్టిన హెచ్. నరసింహయ్య, పై చదువుకై 1935లో రైలు ఛార్జీకి డబ్బు లేక ఈ నగరానికి కాలినడకన వచ్చారు. భౌతికశాస్త్ర ఆచార్యులై, తరువాత బెంగళూరు విశ్వవిద్యాలయ ఉపకులపతి అయ్యారు. తాము నడిచివచ్చిన దూరం తరువాతి పిల్లలకు తగ్గించుటకై గౌరిబిదనూరు, బాగేపల్లిలలో నేషనల్ కళాశాలలు వెలయుటకు కారకులయ్యారు. వలస వచ్చినవాడు పుట్టిన ఊరికి తీర్చగల ఋణం ఏమిటో ఆ జీవితం చూపుతుంది.

ఇక నీటి మాట. గౌరిబిదనూరు సమీపాన 1965లో భూకంప తరంగాలను నమోదు చేసే కేంద్రాన్ని స్థాపించారు. దూరదేశాల భూగర్భ అణు విస్ఫోటాలను సైతం గుర్తించుట దాని పని. ఆ చోటును ఎంచుకొనుటకు అక్కడి గట్టి శిల ఒక కారణం. యంత్రానికి మేలైన ఆ శిలయే రైతుకు కష్టమైంది. అట్టి రాతిలో నీరు పైనున్న శిథిలపు పొరలోను, లోతున సన్నని పగుళ్ళలోను మాత్రమే నిలుస్తుంది. పూర్వం ఆ లోటును నదీగర్భపు ఇసుక తీర్చేది. వానకాలపు నీటిని ఇసుక దాచుకొనగా, రైతులు ఊటకాలువలు తవ్వి పొలాలకు పారించుకొనేవారు. చెరువుల గొలుసు మిగిలిన నీటిని పట్టేది. ఇసుక నగర నిర్మాణాలకు తరలిపోయింది, చెరువులు పూడిపోయాయి, బోరుబావులు వెయ్యి అడుగులు దాటాయి. నేడు ఉత్తర పినాకిని ఏడాదిలో అధికభాగం పొడి ఇసుకబాట. నది ఎండిన కొలదీ ఉదయపు రైళ్ళలో కూలికి వచ్చే జనం పెరిగారు.

బెంగళూరుకు కూడా పెద్ద నది లేదు. అర్కావతిపై హెసరఘట్ట, 1933లో నిర్మితమైన తిప్పగొండనహళ్ళి జలాశయాలు ఒకనాటి ఆధారం. నేడు కావేరి నీటిని సుమారు నూరు కిలోమీటర్ల దూరం నుండి ఎత్తిపోస్తున్నారు. ఆ నీరు వాడిన పిదప ఎక్కడికి పోతుంది? హెబ్బాళ–నాగవార లోయలో శుద్ధిచేసిన మురుగునీటిని గొట్టాల ద్వారా చిక్కబళ్ళాపుర జిల్లా చెరువులకు పంపుతున్నారు. కోరమంగళ–చల్లఘట్ట లోయ నీరు 2018 నుండి కోలారు జిల్లా చెరువులకు చేరుతున్నది. ఎండిన చెరువులు నిండుట రైతుకు ఊరట. రెండు దశల శుద్ధి చాలదని, మూడవ దశ కూడా కావాలని రైతుసంఘాలు కోరుతున్నాయి. ఆ కోరిక న్యాయమైనది.

ఇంతటి గొలుసులో నగరవాసి చేతిలో ఉన్న కొస చిన్నదే కాని నిజమైనది. వంటింటి తూములో పోసిన వాడిన నూనె, మరుగుదొడ్డిలో పారవేసిన మందుబిళ్ళలు, దుకాణం ముందు కాలువలో ఒలికించిన రంగు, ఇంజను నూనె – వీటన్నిటినీ శుద్ధి కేంద్రం వడకట్టలేదు. మిగిలినది చెరువును, చెరువు నుండి బావిని, బావి నుండి రాగి చేనును చేరుతుంది. ఆ చేను కొందరికి తండ్రిదే కావచ్చును.

పండుగకు రైలులో ఊరికి పోయేవారు ఈసారి విదురాశ్వత్థం వద్ద ఒక్క నిమిషం నది వైపు చూడగలరు. ఇసుకలో తడి ఉన్నదా లేదా అన్నది అక్కడి వానపైననే కాక ఇక్కడి అలవాట్లపై కూడా ఆధారపడి ఉన్నది.