గాలిని బట్టి తెరచాప

(ఖిదిర్‌పూర్‌లో తెలుగు ఉద్యోగుల సభయందు చేసిన ప్రసంగపాఠము)



ఈ వేదికపై సాహిత్యమును గూర్చియు, సంగీతమును గూర్చియు మాటలాడు పెద్దలు పెక్కురు కలరు. నాకు అప్పగింపబడిన విషయము వేరు. ఒక్క మనిషి కూర్చుండి, ఒక్క తెరచాపతో పందెమునకు నడపు చిన్న పడవను గూర్చి చెప్పుమని కార్యదర్శిగారు కోరినారు. ఖిదిర్‌పూర్‌లో నివసించు మనకు ఓడలు క్రొత్త కావు. 1892లో ఇక్కడి డాక్ తెరువబడినది మొదలు ఈ పేటకు ఓడయే జీవనాధారము. రేవు కచేరీలో కొందరము, కస్టమ్సులో కొందరము, గార్డెన్ రీచ్‌లోని ఆగ్నేయ రైల్వే కార్యాలయమున మరికొందరము పనిచేయుచున్నాము. వచ్చిన ఓడకు లెక్క వ్రాయుదుము, దిగిన సరకునకు సుంకము కట్టుదుము. అయినను మన ఇండ్లలో నీటిపై పడవ నడిపిన బిడ్డ లెందరు? ఈ ప్రశ్నయే నన్ను ఈ ప్రసంగమునకు ఒప్పించినది.

మన పూర్వు లిట్లు నీటికి దూరముగా నుండలేదు. యజ్ఞశ్రీ శాతకర్ణి నాణెములపై రెండు కొయ్యల ఓడ బొమ్మ కలదు. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవున వేయించిన అభయశాసనము మీలో చాలమంది వినియే యుందురు. గాలివానకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని సొత్తును అంతకు ముందటి రాజులు హరించుచుండిరనియు, తాను న్యాయమైన సుంకము మాత్రమే గ్రహించి తక్కినది వర్తకులకే విడిచిపెట్టుదుననియు ఆయన చాటించెను. గాలి మనిషి చెప్పినట్లు వినదని ఎరిగిన రాజు పలుకది. ఇటీవలి మాట చెప్పవలెనన్న, 2017 సెప్టెంబరునుండి 2018 మే వరకు 'తారిణి' యను తెరచాప నౌకపై భూమిని చుట్టివచ్చిన ఆరుగురు నౌకాదళ స్త్రీలలో ఇద్దరు మనవారు: విశాఖపట్టణపు స్వాతి, హైదరాబాదు ఐశ్వర్య. కావున ఈ విద్య మనకు పరాయిది కాదు. మధ్యలో మరచితిమి, అంతే.

ఇక పడవ మాట. దీనికి లేజర్ అని పేరు. 1969లో కెనడా దేశీయుడగు బ్రూస్ కర్బీ, తన మిత్రుడు ఇయాన్ బ్రూస్ టెలిఫోనులో అడుగగా, దీని చిత్తురూపమును కాగితముపై గీసెను. కారు పైకప్పుపై కట్టుకొని పోదగిన పడవ కావలెనని ఆ మిత్రుని కోరిక. 1971లో న్యూయార్కు పడవల ప్రదర్శనమున ఇది లోకమునకు పరిచయమైనది. పొడవు 4.2 మీటర్లు. ఒట్టి పడవ బరువు 59 కిలోలు. ఇద్దరు చేరి మోయగలరు. తెరచాప 7 చదరపు మీటర్లు. 1996లో ఒలింపిక్ క్రీడలలో చేరినది; 2008లో కొంచెము చిన్న తెరచాపతో స్త్రీలకును పందెము ఏర్పడినది. బాలబాలికలకు 4.7 చదరపు మీటర్ల తెరచాప వేరే కలదు. పడవ మాత్రము అందరికిని ఒక్కటే. కొయ్య క్రిందిభాగమును, తెరచాపను మార్చిన చాలును. 2019నుండి అధికార పత్రములలో దీనిని ఐ.ఎల్.సి.ఏ. అని వ్రాయుచున్నారు గాని, నడుపువారి నోట లేజర్ అను మాటయే నిలిచియున్నది.

ఈ పడవలో నాకు అన్నిటికంటె నచ్చిన గుణ మొకటి కలదు. పందెములో పాల్గొను ప్రతి పడవయు అచ్చుగ్రుద్దినట్లు ఒకే తీరుగా నుండవలెనని నియమము. ఒలింపిక్ పందెములలోనైతే పడవలను నిర్వాహకులే సమకూర్తురు. ధనికుడు డబ్బు పోసి వేగము కొనుటకు వీలు లేదు. ఇతర పందెపు పడవలు పెక్కింటిలో కొయ్యను నిలుపు తీగలుండును. వానిని ఒడ్డుననే బిగించియు, వదులు చేసియు పడవను శ్రుతి చేయుదురు. లేజరుకు ఆ తీగలే లేవు. కొయ్య ఒక గుంటలో నిలుచును. కావున దీని శ్రుతి ఒడ్డున ముగియదు. గాలి మారినపు డెల్ల నీటిపైననే, పడవ నడుపుచునే, మరల మరల చేసికొనవలెను. వీణ వాయించుచునే బిరడలు త్రిప్పుకొనుట వంటి పని యిది.

త్రాళ్ల పేర్లు చెప్పుదును, భయపడకుడు, నాలుగే. తెరచాపను లాగుటకును వదలుటకును చేతిలో పట్టు ముఖ్యమైన త్రాటిని మన ఓడవారు దామాను అందురు. క్రీడాకారులు మెయిన్‌షీట్ అందురు. తక్కిన మూడును తెరచాప ఆకారమును దిద్దునవి. ముందంచును క్రిందికి లాగునది కన్నింగ్‌హామ్. క్రింది అంచును అడ్డకొయ్య చివరకు లాగునది ఔట్‌హాల్. అడ్డకొయ్య పైకి లేవకుండ అణచునది వాంగ్. ఇవిగాక నీటిలోనికి దింపు పలక డాగర్‌బోర్డ్, చేతిలోని చుక్కాని, అన్నిటికి మించి నడుపువాని దేహము. పడవకంటె మనిషియే బరువు గనుక అతడు కూర్చుండు చోటుకూడ శ్రుతిలో భాగమే.

తెరచాప ఎట్లు లాగునో తెలియుటకు మీ పిల్లల గాలిపటమును చూడుడు. మన పొరుగున మెటియాబ్రుజ్ ఉన్నది. 1856లో రాజ్యము పోగొట్టుకొని వచ్చిన వాజిద్ అలీ షా గాలిపటముల వేడుకను అక్కడ పెంచెనందురు. విశ్వకర్మ పూజనాడు ఈ ఆకాశము నిండుగా పటము లెగురును. పటము ఎగురవేయు బాలుడు గాలి తగ్గిన దారము లాగును. ఒక్కసారి విసరిన దారము వదలును. వదలక పట్టుకొనిన దారము తెగును. ఆ బాలునికి తెరచాప విద్యలో సగము అప్పుడే వచ్చియున్నది. మిగిలిన సగము, కనబడని గాలిని నీటిపై చదువుట.

గాలికి నేరుగా ఎదురుపోవుట ఏ తెరచాపకును సాధ్యము కాదు. సుమారు 45 డిగ్రీల ఓరగా ఒక వైపు కొంతదూరము, మరల రెండవ వైపు కొంతదూరము, వంకరటింకరగా పోవలెను. ఆ పయనములో తెరచాప గాలిని కోయుచు పడవను ముందుకును ప్రక్కకును లాగును. నీటిలోని పలక ఆ ప్రక్క జారుడును ఆపును. గాలివేగము రెండింతలైన దాని ఒత్తిడి నాలుగింతలగునని గుర్తుంచుకొనుడు. గంటకు 10 కిలోమీటర్ల గాలిలో ముద్దుగా నడచిన పడవ 20 కిలోమీటర్ల గాలిలో ఏల మొండికెత్తునో ఆ లెక్కయే చెప్పును.

సన్నగాలిలో అందరును చేయు పొరపాటు తొందర. పడవ కదలుట లేదని దామానును బిగలాగుదురు. లాగినకొలది కొయ్య వంగును, తెరచాప బల్లపరుపగును, వెనుక అంచు మూసికొనును, ఉన్న గాలియు ఊపిరాడక నిలిచిపోవును. అట్టి వేళ ముందుకు జరిగి, పలక దగ్గర కూర్చుండవలెను. పడవను గాలి పోవు వైపునకు కొద్దిగా ఒరగనీయవలెను. అప్పుడు తడియు భాగము తగ్గును. తెరచాప తన బరువుకే వ్రేలి ఆకారము పొందును. కన్నింగ్‌హామ్ పూర్తిగా వదలవలెను. ముందంచున ముడుతలు పడిన పడనిండు. చూచుటకు బాగుండదు గాని పడవకు మంచిది. కదలిక లన్నియు పిల్లి నడకవలె ఉండవలెను. 2024లో మార్సేలో జరిగిన ఒలింపిక్ పందెములలో గాలి చాలక లేజర్ పతకపు పందెములు ఒక దినము వాయిదా పడెను. లోకములోని మేటి నావికులు నీటిపై కూర్చుండి గాలికై ఎదురుచూచిరి.

గంటకు 12 మొదలు 20 కిలోమీటర్ల వరకు గాలి ఉన్నపుడు ఇది సుఖమైన సవారి. ఔట్‌హాల్‌ను వదలి, తెరచాపకును అడ్డకొయ్యకును నడుమ సుమారు జానెడు ఎడముండునట్లు చేయవలెను. తెరచాపకు నిండైన కడుపు వచ్చును, అదియే బలము. దామానును చివరి కప్పీలు రెండును తాకునంత లాగి, ఆ స్థితిలో వాంగ్‌ను వదులు లేకుండ సవరించిన చాలును. నడుపువాడు పట్టీక్రింద పాదములుంచి పడవ వెలుపలికి వాలి కూర్చుండును.

బలమైన గాలిలోనే ఈ విద్య తేలును. గంటకు 30 కిలోమీటర్లు మించిన గాలిలో పడవకు బలము కావలసినంత యున్నది. దానిని పారవేయుట తెలియవలెను. కన్నింగ్‌హామ్‌ను బలముకొలది లాగినచో తెరచాప కడుపు ముందుకు జరుగును, పైభాగపు వెనుక అంచు తెరచుకొని మిగులు గాలి జారిపోవును. ఔట్‌హాల్‌ను బిగింపవలెను. వాంగ్ మాట క్రొత్తవారికి వింతగా తోచును. గాలి ఎక్కువైన దానిని వదలవలదా యని అడుగుదురు. వదలరాదు; ఇంకను బిగింపవలెను. వాంగ్ వదులుగా నున్న దామాను సడలింపగనే అడ్డకొయ్య పైకి లేచును, కొయ్య నిటారగును, తెరచాప మరల నిండుగా ఉబ్బి పడవను ఒరగద్రోయును. వాంగ్ బిగువుగా నున్న అడ్డకొయ్య ప్రక్కకే పోవును, కొయ్య వంగియే యుండును, తెరచాప పలుచగానే నిలుచును. పలకను నాలుగు వ్రేళ్లెత్తు పైకి తీసినచో పడవ ఇంకను అదుపులోనికి వచ్చును.

ఇన్ని చేసినను గాలి నిలకడగా నుండదు. ఉన్నట్టుండి ఒక విసురు వచ్చును. అది ముందే నీటిపై కనబడును: నల్లని మరక వంటి చిరుఅలల గుంపు మనవైపు పరుగెత్తివచ్చును. అది తాకుటకు ముందు క్షణమున దామాను కొద్దిగా వదలవలెను. తాకుచుండగా దేహమును వెలుపలికి వాల్చవలెను. పడవ సమముగా నిలిచి ముందుకు దూకగనే మరల లాగవలెను. ఈ వరుస తప్పరాదు. పడవ ఒరిగిన పిమ్మట వదలువాడు ఎంత బలవంతుడైనను వెనుకబడును. తాడు లాగుటకంటె ముందు కన్ను పని చేయవలెనని నేను క్రొత్తవారికి పదేపదే చెప్పుదును. వారు తాళ్లనే చూచుచుందురు.

వెనుకగాలిలో పోవునపుడు ఈ బిగింపులన్నియు సడలించుదురు. పలకను పైకి లాగుదురు. చూచువారికి ఇది సులభముగా తోచును. కాని వాంగ్ మరీ వదులైన తెరచాప పైభాగము ముందుకు మెలిదిరిగి పడవను గాలివచ్చు వైపునకే దొర్లించును. బలగాలిలో బోల్తాలు పెక్కు ఇక్కడనే జరుగును.

ఈ మారు గాలులకు మన హుస్సేన్ సాగరముకంటె మంచి పాఠశాల లేదు. పదునారవ శతాబ్దమున ఇబ్రహీం కుతుబ్‌షా కాలమున త్రవ్వబడిన చెరువది. చుట్టును భవనములు, రోడ్లు. వానకాలపు పడమటిగాలి ఆ కట్టడముల మీదుగా వచ్చుటచే ముక్కలై, దిక్కు మార్చుచు నీటిపై దిగును. సికిందరాబాదులోని ఇ.ఎం.ఇ. సెయిలింగ్ అసోసియేషన్ వారును, లేజర్ సంఘమువారును అక్కడ జరిపెడు హైదరాబాదు సెయిలింగ్ వారోత్సవమునకు దేశపు నలుమూలలనుండి నావికులు వత్తురు. సముద్రపు నిలకడగాలిలో గెలిచినవారు అక్కడ తికమకపడుట కలదు. గాలి తన ముక్కువైపునకు తిరిగి దారి చెడగొట్టినచో వెంటనే రెండవ ప్రక్కకు మరలవలెను. తన గమ్యమువైపునకు అనుకూలించినచో మరలక సాగవలెను. ఈ ఒక్క నిర్ణయము సరిగా చేయువాడు త్రాళ్లలో కొంత లోపమున్నను ముందుండును. హైదరాబాదు యాట్ క్లబ్బు ఆ నీటిపైననే ప్రభుత్వ పాఠశాలల పిల్లలకును ఈ విద్య నేర్పుచున్నది. ఆ నగరపు ప్రీతి కొంగర 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో ఇద్దరు నడపు 470 పడవపై పాల్గొనెను. అవే క్రీడలలో లేజర్ తరగతులందు మధ్యప్రదేశ్ బాలిక నేహా ఠాకుర్ రజతమును, సైనికుడగు విష్ణు శరవణన్ కాంస్యమును గెలిచిరి.

ఇక్కడ తల్లుల ముఖములలో ఒక ప్రశ్న కనబడుచున్నది. దానిని దాటిపోను. 2022 మే 21న ఈ నగరమున రవీంద్ర సరోవరముపై తెడ్లపడవ సాధన చేయుచున్న పాఠశాల బాలురు ఇద్దరు గాలివానలో చిక్కి మరణించిరి. అది తెరచాప పడవ కాదు. కాని నీరును గాలియు అవే. ఫాల్గుణ చైత్రములు మొదలు వర్షర్తువు వచ్చువరకు ఇక్కడ వీచు కాలవైశాఖి స్వభావము మనమందరము ఎరుగుదుము. పగలంతయు దక్షిణపు గాలి, ఉక్క. సాయంకాలమున వాయవ్యమున నల్లని మబ్బుగోడ లేచును. గాలి ఒక్క నిమిషము ఆగును. పిమ్మట దిక్కు మార్చుకొని, గంటకు 60 కిలోమీటర్లు మించిన వేగముతో చల్లగా విరుచుకొనిపడును. నేను ఇంతసేపు చెప్పిన మూడు త్రాళ్ల నేర్పు ఆ గాలికి పనికిరాదు. ఆ నిమిషపు నిశ్శబ్దమునకు ముందే ఒడ్డు చేరినవాడే నావికుడు.

అందుచేత పిల్లలను నీటికి పంపవలదని నేననను. పంపునపుడు అడుగవలసిన మాటలు అడుగుడందును. రక్షక కవచము ప్రతి బిడ్డ ఒంటిపైనను ఉన్నదా? మోటారు బిగించిన రక్షక పడవ, దానిని నడుపువాడు, నీటిపై సిద్ధముగా నున్నారా, లేక షెడ్డులో తాళము వేసియున్నదా? వాతావరణ శాఖవారి హెచ్చరికను ఆ దినము ఎవరు చదివిరి? పడవ తల్లక్రిందులైన దానిని ఎత్తుట బిడ్డకు నేర్పిరా? లేజర్ బోల్తాపడిన పలకపై నిలుచుండి బరువు వేసినచో మరల లేచును. మొదటి పాఠమే అది కావలెను. ఈత వచ్చునా యని అన్నిటికంటె ముందు అడుగుడు. ఏలయన ఈత రానిచో తక్కినవి అడుగ పనిలేదు. ఈ ప్రశ్నలకు విసుగుకొను శిక్షకుని దగ్గర బిడ్డను వదలకుడు, అతడు ఎంత పేరుమోసినవాడైనను సరే.

మన హుగ్లీనది ఆటుపోట్లకును, ఓడల రాకపోకలకును లోబడినది, తొలిపాఠములకు తగదు. ఎన్.సి.సి. నౌకావిభాగమున తెరచాప పడవల శిక్షణ కలదు. మన పిల్లలలో ఎన్.సి.సి.కి అర్హులైనవారు సైనిక విభాగమునే కోరుచున్నారు. నౌకావిభాగమును గూర్చియు విచారింపుడని కోరుచున్నాను.

చెప్పవలసినది చెప్పితిని. ఈ బల్లపై వెదురుబద్దతోను, పాత ధోవతి గుడ్డతోను చేసిన మాదిరి తెరచాప యున్నది; మూడు త్రాళ్లును నిజమైనవే. బల్లకెదురుగా ఫంకా నుంచినాము. పిల్లలు ముందుకు రండు. ఒకరు ఫంకా వేగము మార్చుడు, ఒకరు వాంగ్ పట్టుకొనుడు. పెద్దలుకూడ రావచ్చును, కుర్చీలు మాత్రము ప్రక్కకు జరుపవలెను.