లాక్‌డౌన్‌లో పాల సంఘాలు

2020 మార్చి 25న కరోనా వల్ల దేశమంతా లాక్‌డౌన్ మొదలైంది. హోటళ్లు, టీ బడ్డీలు, మిఠాయి దుకాణాలు మూతపడ్డాయి. పాలకు గిరాకీ పడిపోయింది. గేదెను మాత్రం రెండు పూటలా పితకాల్సిందే. ఆ పాలు ఎక్కడ పోయాలి?

గుజరాత్‌లో అమూల్ సహకార సంఘాలు కొనుగోలు ఆపలేదు. ప్రైవేటు డెయిరీలు వెనక్కి తగ్గడంతో మామూలుకంటే ఎక్కువ పాలే వచ్చాయి. ఊరి పాలకేంద్రం ముందు సుద్దతో గుండ్రాలు గీశారు. మూతికి గుడ్డ కట్టుకున్న ఆడవాళ్లు గుండ్రానికొకరు నిలబడి, వంతు రాగానే పాలు పోసి, వెన్న శాతం చూసుకుని వెళ్లారు. అమ్ముడుపోని పాలను పొడిగా, వెన్నగా మార్చి నిల్వ చేశారు.

1946లో ఆణంద్‌లో పుట్టిన ఈ వ్యవస్థకు పాలు పోసే రైతులే యజమానులు. అందుకే సభ్యుల పాలు తిప్పి పంపలేదు. పాలపొడి యంత్రాలు, శీతల గిడ్డంగులు మంచి రోజుల్లోనే సమకూర్చుకున్నారు. నా దృష్టిలో అసలు బలం అదే. ఆపద వచ్చాక ఫ్యాక్టరీ కట్టలేం కదా!

మీ ఊళ్లో పాల సంఘం ఉంటే ఈసారి సర్వసభ్య సమావేశానికి తప్పక వెళ్లండి. ఆపద కోసం దాచిన నిల్వ నిధి ఎంతుందో అడగండి.