లైన్‌లో చెప్పులు, కిటికీ వెనుక లెక్క
(స్వర్ణోత్సవ సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)



"నీ ఉద్యోగం గురించి పది నిమిషాలు చెప్పు, అందరికీ అర్థమయ్యేట్టు చెప్పు" అని కార్యదర్శి గారు అడిగారు. మన నాన్నల తరంలో చాలామంది నాచారం పారిశ్రామికవాడలోనో, 1967లో మొదలైన ఈసీఐఎల్‌లోనో షిఫ్టులు చేశారు. మన తరంలో కొందరం ఉప్పల్ దాటి వరంగల్ రోడ్డు పట్టుకుని పోచారం దాకా వెళ్తున్నాం. అక్కడ నేను చేసే పని సి భాషలో ప్రోగ్రాములు రాయడం. అందులోంచి ఒక్క చిన్న సంగతి తెచ్చాను. దాని పేరు క్యూ. దాన్ని ఎలా కట్టాలి, కట్టాక ఎందుకు మూసిపెట్టాలి అన్నదే నా మాట. మొదటి సగం ఇంజినీరింగ్ పిల్లలు పరీక్ష కోసం చదువుతారు. రెండో సగాన్ని చాలామంది ఉద్యోగంలో చేరాక, దెబ్బ తగిలాక తెలుసుకుంటారు.

క్యూ అంటే ఏమిటో ఈ సభలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. రేషన్ షాపు ముందు నిలబడ్డవాళ్లమే అందరం. యూరియా కోసం సొసైటీ గోదాము ముందు రైతులు తమ చెప్పులు, పాసు పుస్తకాలు వరుసగా పెట్టి చెట్టు నీడన కూర్చోవడం కూడా చూశాం. నియమం ఒక్కటే. ముందు వచ్చినవారు ముందు వెళ్తారు. చేరేది వెనుక, వెళ్లేది ముందు.

కంప్యూటర్ లోపలా అంతే. ప్రింటర్‌కు పంపిన కాగితాలు, నెట్‌వర్క్ మీద వచ్చే ప్యాకెట్లు, కీబోర్డు మీద మనం నొక్కిన అక్షరాలు, అన్నీ క్యూలోనే నిలబడతాయి. ఒకరు తొందరగా పంపుతుంటారు, ఇంకొకరు నిదానంగా తీసుకుంటారు. ఈ రెండు వేగాల మధ్య తగవు తీర్చేది క్యూ.

దీన్ని కట్టడానికి రెండు పద్ధతులు బాగా వాడుకలో ఉన్నాయి.

మొదటిది, గుండ్రంగా వేసిన కుర్చీలు. ఎనిమిది కుర్చీలు అనుకుందాం, 0 నుంచి 7 దాకా నంబర్లు. మనం రెండే రెండు లెక్కలు గుర్తుపెట్టుకుంటాం: అందరికంటే ముందున్న మనిషి ఏ కుర్చీలో ఉన్నాడు, మొత్తం ఎంతమంది ఉన్నారు. ముందున్నవాడు 6లో ఉన్నాడు, మొత్తం ముగ్గురు. అంటే 6, 7, 0 నిండాయి. నాలుగోవాడు ఎక్కడ కూర్చోవాలి? 6కు 3 కలిపితే 9. దాన్ని 8తో భాగిస్తే శేషం 1. ఒకటో నంబరు కుర్చీ. ముందున్నవాడు లేచిపోతే మిగతావాళ్లెవరూ జరగక్కర్లేదు, ముందు నంబరు మారితే చాలు. చిన్నప్పుడు శేషాల లెక్కలు ఎందుకని విసుక్కున్నవాళ్లకు ఇది సమాధానం.

కుర్చీలు నిండిపోతే? పదహారు వేయాలి. అయితే పాతవాటి పక్కన ఇంకో ఎనిమిది తెచ్చి వేస్తే సరిపోదు. 6, 7లో కూర్చున్నవాళ్ల తర్వాతివాడు 0లో ఉన్నాడు కదా, ఇప్పుడు 7 తర్వాత 8 వస్తుంది, అది ఖాళీ. వరుస తెగిపోతుంది. అందుకని కొత్త కుర్చీల్లోకి అందరినీ వచ్చిన క్రమంలో 0 నుంచి మళ్లీ కూర్చోబెట్టాలి.

రెండో పద్ధతి లింక్డ్ లిస్ట్. కుర్చీలు ఉండవు. ప్రతివాడి దగ్గర తన వెనుకవాడి చిరునామా ఉంటుంది. మనం మొదటివాడి చిరునామా, చివరివాడి చిరునామా దాచుకుంటాం. ఇక్కడ ఒక మెలిక ఉంది. క్యూలో మిగిలిన ఒక్కడూ వెళ్లిపోయినప్పుడు మొదటి చిరునామాతో పాటు చివరి చిరునామా కూడా చెరిపేయాలి. లేకపోతే తర్వాత వచ్చినవాడు, అప్పటికే వెళ్లిపోయినవాడి వెనుక నిలబడతాడు. ప్రోగ్రాము ఆ క్షణంలో ఆగకపోవచ్చు. ఎప్పుడో, ఇంకెక్కడో ఆగుతుంది.

ఇక రెండో సగం. సి భాషలో ప్రోగ్రామును రెండు రకాల ఫైళ్లలో రాస్తాం. హెడర్ ఫైల్ అందరూ చూసేది. సి ఫైల్ అసలు పని జరిగేది. చాలా పాఠాల్లో క్యూ నిర్మాణం మొత్తం, అంటే కుర్చీలు, ముందు నంబరు, లెక్క, హెడర్‌లోనే రాసేస్తారు. అప్పుడు ఎవరైనా లోపలికి చేయి పెట్టి ముందు నంబరును తమ అవసరానికి మార్చుకోవచ్చు.

దానికి బదులు ఇలా చేయవచ్చు. హెడర్‌లో "క్యూ అనే ఒక స్ట్రక్ట్ ఉంది" అని పేరు మాత్రం చెబుతాం. అందులో ఏముందో చెప్పం. దానితో పాటు ఐదు ఫంక్షన్లు ఇస్తాం: కొత్త క్యూ తయారుచేయడం, వెనుక చేర్చడం, ముందు నుంచి తీయడం, ఎన్ని ఉన్నాయో చెప్పడం, పనయ్యాక క్యూను తీసేయడం. లోపలి వివరాలన్నీ సి ఫైల్‌లో ఉంటాయి. బయటివాళ్ల చేతిలో ఉండేది క్యూ చిరునామా ఒక్కటే. ఆ చిరునామాను మోసుకెళ్లొచ్చు, ఫంక్షన్లకు ఇవ్వొచ్చు. దాని ద్వారా లోపలి సభ్యులను ముట్టుకోబోతే కంపైలర్ ఒప్పుకోదు, ఎందుకంటే ఆ స్ట్రక్ట్‌లో ఏముందో ఆ ఫైల్ వరకు దానికీ తెలియదు. దీన్నే ఒపేక్ పాయింటర్ అంటారు. లోపలికి చూపు ఆనని పాయింటర్ అన్నమాట. సి నేర్చుకున్న ప్రతివారూ ఇలాంటి పద్ధతిని ముందే వాడారు. ఎఫ్‌ఓపెన్‌తో ఫైల్ తెరిచినప్పుడు ఒక పాయింటర్ వస్తుంది. దాన్ని ఎఫ్‌క్లోజ్ దాకా చేతులు మారుస్తూ తీసుకెళ్తాం. అందులో ఏముందని అడగం.

కంప్యూటర్‌తో పని లేని వారికి రైల్వే కిటికీ చెబుతాను. టికెట్ రిజర్వేషన్ల కోసం రైల్వేవారి క్రిస్ సంస్థ కాన్సర్ట్ అనే సాఫ్ట్‌వేర్ తయారుచేసింది. అది 1990ల్లో మొదట నడిచింది మన సికింద్రాబాద్‌లోనే. 1999 ఏప్రిల్ నాటికి ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాద్ కేంద్రాలు ఐదూ కలిసిపోయాయి. లోపల అంత పెద్ద మార్పు జరిగినా కిటికీ ముందు నిలబడ్డ మనం చేసింది పాత పనే: ఫారం నింపాం, డబ్బు కట్టాం, టికెట్ తీసుకున్నాం. మన చేతికి పది అంకెల పీఎన్ఆర్ ఇస్తారు. మన పేరు ఏ కంప్యూటర్‌లో, ఏ మూల ఉందో మనకు తెలియదు. తెలియనక్కర్లేదు కూడా. ఆ నంబరు చూపిస్తే మన సంగతి చెబుతారు. ప్రయాణికులందరూ లోపలికి వెళ్లి రిజిస్టరులో తమ పేజీ తామే తిప్పుకునే అలవాటు ఉండి ఉంటే, ఆ రిజిస్టరును ఎప్పటికీ మార్చగలిగేవారు కాదు.

ఇప్పుడు ఇది ఎవరికి నొప్పి కలిగిస్తుందో చెబుతాను. నేను పనిచేసిన ఒక ప్రాజెక్టులో, పేరు వద్దు, పాత క్యూ నిర్మాణం మొత్తం హెడర్‌లో తెరిచి ఉండేది. ఏళ్లు గడిచేసరికి పదుల ఫైళ్లు దాని లోపలి నంబర్లను నేరుగా చదువుతున్నాయి, కొన్ని మారుస్తున్నాయి కూడా. పని పెరిగి కుర్చీలు చాలలేదు. పెరిగే క్యూ కావాలన్నారు. క్యూ వరకు చూస్తే అది ఒక పూట పని. దాన్ని కొత్తగా చేరిన ఒక అమ్మాయికి అప్పగించారు. మన ఘట్‌కేసర్ వైపు కాలేజీలో చదివింది, వాళ్ల ఇంట్లో మొదటి ఇంజినీరు. ఆమె ఒకచోట సరిచేస్తే ఇంకోచోట విరుగుతోంది. మూడు వారాలు గడిచాయి. ప్రతి మీటింగ్‌లో "ఇంత చిన్న పనికి ఇంత ఆలస్యమా?" అన్న ప్రశ్న ఆమెకే. ఆ అమ్మాయి ఒకరోజు క్యాంటీన్‌లో, "అన్నా, నాకు ఈ పని రాదేమో, వెళ్లిపోతాను" అంది.

ఆమెకు పని వచ్చు. పదేళ్ల కింద తలుపు వేయనివారి బరువు ఆమె మోస్తోంది. ఇద్దరం కూర్చున్నాం. ముందు క్యూను మార్చే ప్రయత్నం ఆపేశాం. స్ట్రక్ట్ వివరాలను హెడర్‌లోంచి తీసి సి ఫైల్‌లో పెట్టి, మొత్తం కంపైల్ చేశాం. తెర నిండా ఎర్రర్లు. ఆమె భయపడింది. కానీ అవి లోపలికి చేయి పెట్టిన ప్రతి చోటినీ లైన్ నంబరుతో సహా చూపిస్తున్నాయి. మూడు వారాలుగా ఆమె చీకట్లో వెతుకుతున్న జాబితాను కంపైలరే రాసిచ్చింది. ఒక్కొక్క దాన్నీ ఐదు ఫంక్షన్లలో ఒకదానితో మార్చుకుంటూ వచ్చింది. అది పూర్తయ్యాక కుర్చీలు పెరిగే క్యూను పెట్టడం నిజంగానే ఒక పూటలో అయిపోయింది. ఇప్పుడు ఆమె కొత్తవారికి నేర్పుతోంది.

1972లో డేవిడ్ పార్నాస్ అనే శాస్త్రవేత్త ఒక వ్యాసంలో ఈ మాటే చెప్పారు. ప్రోగ్రామును ముక్కలు చేసేటప్పుడు పని జరిగే వరుసను చూడొద్దు, రేపు మారే అవకాశం ఉన్నది ఏదో చూసి, ఒక్కో ముక్కలో అలాంటి ఒక్కో నిర్ణయాన్ని దాచండి అన్నారు. ఆయన చెప్పింది మన సంఘం కంటే కాస్త పెద్దది. ఇంకా పాతబడలేదు.

ఖర్చు లేదని చెప్పను. లోపల ఎంత ఉందో తెలియదు కాబట్టి బయటివారు క్యూను తమ ఫంక్షన్‌లో మామూలు వేరియబుల్‌లా పెట్టుకోలేరు. దానికి మెమరీ అడిగి తీసుకోవాలి, తర్వాత గుర్తుపెట్టుకుని తిరిగి ఇవ్వాలి. చిన్న పరికరాల్లో అలా అడిగే వీలు లేకపోతే సి ఫైల్‌లోనే కొన్ని క్యూలు ముందే కట్టి ఉంచి, వాటి చిరునామాలు ఇవ్వాలి. ప్రతిదానికీ ఫంక్షన్‌ను పిలవడం వల్ల కొంచెం సమయం పోతుంది. చాలా పనుల్లో అది లెక్కలోకి రాదు. వచ్చేచోట కొలిచి చూసి నిర్ణయించుకోవాలి.

పిల్లలు రాసేటప్పుడు రెండు మాటలు గుర్తుపెట్టుకోవాలి. ఒకటి, అన్ని రకాల వస్తువులకూ పనికొచ్చే క్యూ కావాలంటే అందులో వస్తువులకు బదులు వాటి చిరునామాలు పెడతాం. లైన్‌లో మనుషులకు బదులు చెప్పులు ఉన్నట్టు. క్యూను తీసేసేటప్పుడు క్యూ తన సొంత సామాను పారేయాలి, చెప్పుల యజమానుల జోలికి పోకూడదు. వాళ్లు ఎవరి బాధ్యతో హెడర్‌లో ఒక వాక్యం రాసి పెట్టండి. రెండు, ఖాళీ క్యూలోంచి తీయమంటే ఏం జరుగుతుందో ముందే తేల్చండి. "దొరికింది, దొరకలేదు" అన్న జవాబును వస్తువు నుంచి వేరుగా ఇవ్వడం మేలు. అప్పుడు ఖాళీ చిరునామాను కూడా ఎవరైనా క్యూలో పెట్టుకోవచ్చు.

చివరిగా గురువులకు, తోటి పూర్వ విద్యార్థులకు ఒక మనవి. మన బడిలో చదివి ఇంజినీరింగ్‌కు వెళ్లిన పిల్లలు చాలామంది క్యూ ప్రోగ్రామును బట్టీ పట్టి మార్కులు తెచ్చుకుంటున్నారు. వారికి ఒక ఆట పెడదాం. ఇద్దరిద్దరుగా కూర్చోబెడదాం. ఒకరు గుండ్రటి కుర్చీల పద్ధతిలో క్యూ రాసి, పక్కవారికి హెడర్ మాత్రమే ఇవ్వాలి. రెండోవారు దాన్ని వాడుతూ బ్యాంకు టోకెన్ల ప్రోగ్రామో, ప్రింటర్ ప్రోగ్రామో రాయాలి. తర్వాత మొదటివారు లోపలంతా తీసేసి లింక్డ్ లిస్ట్ పెట్టాలి. రెండోవారి ప్రోగ్రాములో ఒక్క అక్షరం కూడా మార్చకుండా అది నడవాలి. నడిస్తే ఇద్దరూ పాసు. దీనికి ఖరీదైన కంప్యూటర్లు అక్కర్లేదు, మన ల్యాబ్‌లో ఉన్నవి చాలు. ఇంగ్లీషు తడబడినా పర్వాలేదు, కంపైలర్ యాస అడగదు.

ప్రధానోపాధ్యాయులు గారు ల్యాబ్ తాళం ఇస్తే, నెలలో ఒక శనివారం మధ్యాహ్నం నేను వస్తాను. నాతో పాటు ఇందాక చెప్పిన అమ్మాయి కూడా వస్తానంది. ఈ సభలో ఇంకో ఇద్దరు ముగ్గురు ప్రోగ్రామర్లు చేయి ఎత్తితే ఏడాది పొడవునా నడపొచ్చు. పేర్లు భోజనాల దగ్గర కార్యదర్శి గారికి ఇవ్వండి.