మీ వెబ్‌సైట్ ఎవరి పేరు మీద ఉంది? పెద్దమ్మ పచ్చళ్ళ సైట్‌ని నేనే మాయం చేసిన కథ

ఇవాళ్టి ఎపిసోడ్ చిన్న బిజినెస్ చేసేవాళ్ళ కోసం. ఇంకా కరెక్ట్‌గా చెప్పాలంటే, ఇంట్లో అమ్మో పిన్నో బాబాయో ఏదో వ్యాపారం చేస్తుంటే "నువ్వు కంప్యూటర్ చదివావు కదా, ఒక వెబ్‌సైట్ పెట్టరా" అంటే పెట్టేసి, ఆ తర్వాత మర్చిపోయిన మనలాంటి వాళ్ళ కోసం. నేను అలా మర్చిపోయినవాడినే. అందుకే ఈ వీడియోలో తప్పు చేసినవాడు ఎవరో కాదు, మీ ముందు కూర్చున్నవాడే.

మా పెద్దమ్మది తెనాలి దగ్గర పల్లెటూరు. పచ్చళ్ళు పెట్టి అమ్ముతుంది. నేను బీటెక్ ఫైనల్ ఇయర్‌లో ఉండగా, 2019 ఏప్రిల్‌లో, తనకి ఒక డాట్ కామ్ పేరు కొని, వర్డ్‌ప్రెస్‌లో సైట్ చేసి ఇచ్చాను. ఇంట్లో నా బిల్డప్ మామూలుగా లేదు. 3 ఏళ్ళకి ఒకేసారి కట్టేశాను. హైదరాబాద్ నుంచి, బెంగళూరు నుంచి ఆర్డర్లు రావడం మొదలైంది. 2020లో అందరూ ఇళ్ళల్లో కూర్చున్నప్పుడు అయితే పెద్దమ్మ ఇద్దరు మనుషుల్ని పెట్టుకోవాల్సి వచ్చింది.

2022 ఏప్రిల్ చివరి వారం. ఆవకాయ సీజన్. కాయలు దిగాయి, ముక్కలు కొట్టించారు, ఇల్లంతా ఆవపిండి ఘాటు. డాలస్‌లో ఉండే మా అక్క ఫోన్ చేసి, "మీ సైట్ ఓపెన్ చేస్తే ఏవో యాడ్స్ వస్తున్నాయేంట్రా?" అంది. చూశాను. నిజమే. పెద్దమ్మ పచ్చళ్ళ పేరు టైప్ చేస్తే ఏవో లోన్ల యాడ్స్, "ఈ డొమైన్ ఎక్స్‌పైర్ అయింది" అని ఒక లైను. అయిపోయి అప్పటికే మూడు వారాలు.

పెద్దమ్మ ఆ మూడు వారాలూ ఏమనుకుందో తెలుసా? "ఈ ఏడు జనానికి పచ్చడి మీద మనసు లేదేమోలే నాన్నా" అనుకుంది. ఆ మాట విన్నాక నాకు అన్నం దిగలేదు.

సరే, అసలు ఏం జరిగిందో చూద్దాం, ఎందుకంటే మీ ఇంట్లో కూడా ఇదే జరగొచ్చు. డొమైన్ కొన్నప్పుడు అకౌంట్‌కి నేను ఇచ్చిన మెయిల్ నా కాలేజీ మెయిల్. పాస్ అవుట్ అయిన కొన్నాళ్ళకి ఆ ఐడీ క్లోజ్ అయిపోయింది. డొమైన్ అమ్మే కంపెనీలు ఎక్స్‌పైరీకి ముందు సుమారు నెల రోజులప్పుడు ఒకసారి, వారం రోజులప్పుడు ఇంకోసారి రిమైండర్ పంపాలి, డాట్ కామ్‌కి అది ఐకాన్ రూల్. వాళ్ళు పంపే ఉంటారు. చదవడానికి ఆ ఇన్‌బాక్సే లేదు. ఆటో రెన్యువల్ ఆన్‌లో ఉంది కదా అని నా ధీమా. కానీ 2021 అక్టోబర్ 1 నుంచి కార్డుల ఆటో డెబిట్ మీద ఆర్‌బీఐ కొత్త రూల్స్ వచ్చాయి, అప్పట్లో పాత ఆటో పేమెంట్లు చాలా ఫెయిల్ అయ్యాయి. నా కార్డు విషయంలో అయితే ఆ రూల్ దాకా వెళ్ళక్కర్లేదు, కార్డే ఎక్స్‌పైర్ అయింది.

ఇక లాగిన్ అవుదామంటే పాస్‌వర్డ్ గుర్తులేదు. రీసెట్ లింక్ కాలేజీ మెయిల్‌కి వెళ్తుంది. తాళం పెట్టెలో పెట్టి పెట్టెకి తాళం వేసినట్టయింది నా పని.

డాట్ కామ్ పేరు ఎక్స్‌పైర్ అయ్యాక ఏమవుతుందో ఒకసారి చెప్తాను, ఇది చాలామందికి తెలీదు. మొదట కొన్ని రోజులు మామూలు ధరకే రెన్యూ చేసుకోనిస్తారు. ఎన్ని రోజులన్నది కంపెనీని బట్టి మారుతుంది, గరిష్ఠంగా 45 రోజులు. ఆ టైమ్‌లోనే కొన్ని కంపెనీలు పేరుని వేలానికి కూడా పెట్టేస్తాయి. ఆ గడువు దాటితే రిడెంప్షన్ అని 30 రోజులు ఉంటుంది, అప్పుడు వెనక్కి తెచ్చుకోవచ్చు కానీ ఫీజు వాచిపోతుంది. ఆ తర్వాత 5 రోజులు ఎవ్వరూ ముట్టుకోలేరు. ఆరో రోజు నుంచి ఆ పేరు ఎవరిదైనా కావచ్చు. మన పాత పేరు మీద జూదం సైట్ పెట్టినా అడిగే దిక్కుండదు.

నేను కస్టమర్ కేర్‌కి ఫోన్ మీద ఫోన్. అదృష్టం ఏంటంటే అకౌంట్‌లో పేరు నాదే ఉంది, ఆధార్‌లో ఉన్నట్టే ఉంది. ఐడీ ప్రూఫ్ పంపాను, పాత పేమెంట్ రసీదు అడిగారు, బ్యాంక్ స్టేట్‌మెంట్ తవ్వి పంపాను. 9 రోజులు పట్టింది. గ్రేస్ గడువు లోపలే దొరికింది. దొరికింది కానీ సీజన్‌లో నెల రోజులు పోయాయి. ఇంకో దెబ్బ ఏంటంటే, మా సైట్ ఆర్డర్లన్నీ ఆ డొమైన్ మీద ఉన్న మెయిల్‌కే వచ్చేవి. డొమైన్ పోతే దాని మెయిల్ కూడా పోతుంది. ఆ నెల రోజుల్లో ఎవరు ఏం అడిగారో ఇప్పటికీ మాకు తెలీదు.

ఇక్కడ పెద్దమ్మ గురించి చెప్పాలి. నేను ల్యాప్‌టాప్ ముందు తల పట్టుకుని కూర్చుంటే, తను బీరువాలోంచి ఒక లాంగ్ నోట్‌బుక్ తీసింది. మూడేళ్ళుగా కొన్న ప్రతి మనిషి పేరు, ఫోన్ నంబరు, ఏం కొన్నారు, ఎంత కొన్నారు. పక్కన చిన్న అక్షరాలతో "ఉప్పు తక్కువ", "వెల్లుల్లి వద్దు", "పిల్లకి నెలలు నిండాయి, మాగాయ అడిగింది" ఇలాంటివి. రోజుకి ముప్పై మందికి ఫోన్లు చేసింది. "అమ్మా, ఆవకాయ పెట్టాను, ఈసారి మీకు పంపనా?" అంతే. మార్కెటింగ్ వాళ్ళు సీఆర్‌ఎం అని వేల రూపాయలకి అమ్మేది ఇదే. ఆ ఏడు జాడీలు మిగిలిపోకుండా కాపాడింది ఆ నోట్‌బుక్కే, నా వెబ్‌సైట్ కాదు.

కాబట్టి మొదటి పని, ఇప్పుడే, వీడియో పాజ్ చేసి చేయండి. ఐకాన్ లుకప్ అని వెతికి, అందులో మీ డాట్ కామ్ పేరు కొట్టండి. ఎక్స్‌పైరీ డేట్ కనిపిస్తుంది, ఏ కంపెనీ దగ్గర ఉందో కనిపిస్తుంది. మీది డాట్ ఇన్ అయితే అది నిక్సీ కింద ఉంటుంది, వాళ్ళ హూఈజ్ పేజీలో చూసుకోండి. తర్వాత ఆ అకౌంట్‌లోకి లాగిన్ అవ్వగలరో లేదో చూడండి. "మా సైట్ చేసిన అబ్బాయి దగ్గర ఉంటుంది" అంటే మీ దగ్గర లేనట్టే. ఆ అబ్బాయి మంచోడే కావచ్చు, నేనూ మంచోడినే! డొమైన్ అకౌంట్ వ్యాపారం చేసేవాళ్ళ పేరు మీద, వాళ్ళ జీమెయిల్ మీద, వాళ్ళ ఫోన్ నంబర్ మీద ఉండాలి. డెవలపర్‌కి యాక్సెస్ ఇవ్వండి, ఓనర్‌షిప్ ఇవ్వకండి. ఆ జీమెయిల్‌కి టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టి, బ్యాకప్ కోడ్లు ప్రింట్ తీసి, ఇంటి పత్రాలు పెట్టే చోట పెట్టండి. సైట్ బ్యాకప్ నెలకోసారి మీ సొంత డ్రైవ్‌లోకి డౌన్‌లోడ్ చేసుకోండి, హోస్టింగ్ వాళ్ళ దగ్గర ఉందిలే అని వదిలేయకండి.

ఇంకో మాట. డొమైన్ కొన్న వారంలోనే "మీ రెన్యువల్ పెండింగ్‌లో ఉంది సార్" అని మెయిళ్ళు, ఫోన్లు రావచ్చు. లింక్ నొక్కొద్దు. మీరు కొన్న కంపెనీ సైట్‌కి మీరే వెళ్ళి చూసుకోండి.

"ఈ గోలంతా ఎందుకు అన్నా, ఇన్‌స్టా పేజీ ఉందిగా, గూగుల్‌లో షాపు ఉందిగా" అంటారని తెలుసు. ఉండాలి, తప్పకుండా ఉండాలి. కానీ గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌తో పాటు ఒకప్పుడు ఫ్రీగా ఒక చిన్న వెబ్‌సైట్ ఇచ్చేవాళ్ళు, గుర్తుందా? 2024 మార్చిలో వాటన్నిటినీ ఆపేశారు. విజిటింగ్ కార్డుల మీద ఆ అడ్రస్ కొట్టించుకున్నవాళ్ళు కార్డులు పారేయాల్సిందే. అద్దె ఇంట్లో గోడకి మేకు కొట్టడం తప్పు కాదు, దూలాలు వేయించొద్దు అంటున్నాను.

సరే, సైట్ చేతికొచ్చింది. అప్పుడు కొత్త కళ్ళతో చూస్తే నాకే సిగ్గేసింది. హోమ్ పేజీలో 11 ఫోటోలు, ఒక్కోటి ఫోన్‌లోంచి తీసి నేరుగా పెట్టినవి, 4 ఎంబీ పైనే. అంటే పచ్చడి చూడాలంటే 44 ఎంబీ లోడ్ అవ్వాలి. మన ఊళ్ళో సిగ్నల్‌కి అది తెరుచుకునేలోపు పచ్చడి ఊరిపోతుంది. స్కూష్ అని గూగుల్ వాళ్ళదే ఒక ఫ్రీ టూల్ ఉంది, అందులో ఫోటో వేసి సైజు తగ్గించి వెబ్‌పీ ఫార్మాట్‌లో దించాను. ఒక్కోటి 150 కేబీ లోపు వచ్చింది. కంటికి తేడా తెలీలేదు.

రెండోది, ధరల పట్టిక మొత్తాన్ని ఒక పోస్టర్ ఫోటోగా పెట్టాను. ఫోన్‌లో జూమ్ చేస్తే తప్ప చదవలేరు, గూగుల్‌కి కూడా అందులో ఏముందో సరిగ్గా అందదు. దాన్ని మామూలు అక్షరాల్లో రాశాను. మూడోది, నేను రాసిన మాటలు. "ప్రీమియం", "అథెంటిక్", "ట్రెడిషనల్". సెర్చ్ కన్సోల్ అని గూగుల్ వాళ్ళ ఫ్రీ టూల్‌లో, జనం ఏం టైప్ చేస్తే మన సైట్ కనిపించిందో లిస్టు వస్తుంది. అందులో ఒక్కరు కూడా అథెంటిక్ అని కొట్టలేదు! "ఆవకాయ కేజీ ధర", "వెల్లుల్లి లేని ఆవకాయ", "బెల్లం ఆవకాయ" అని కొట్టారు, అది కూడా చాలామంది తెలుగు మాటని ఇంగ్లీష్ అక్షరాల్లో. వెల్లుల్లి లేని పచ్చళ్ళు పెద్దమ్మ ఎప్పటినుంచో పెడుతోంది, సైట్‌లో ఆ మాటే లేదు. నోట్‌బుక్‌లో మాత్రం పేజీకి నాలుగుసార్లు ఉంది. వాటికి విడిగా ఒక పేజీ చేశాను, పేరు రెండు రకాలుగానూ రాశాను. ఇప్పుడు మాకు ఎక్కువ మంది వచ్చేది ఆ పేజీకే.

యాడ్స్ సంగతి తొందరగా చెప్పేస్తాను. మొదటిసారి ఇన్‌స్టాలో బూస్ట్ బటన్ నొక్కి 2000 రూపాయలు పెట్టాను, లొకేషన్ ఇండియా మొత్తం. లైకులు వందల్లో వచ్చాయి, ఆర్డర్ ఒక్కటీ లేదు. పచ్చడికి లైక్ కొడితే పచ్చడి అమ్ముడుపోదు. రెండోసారి యాడ్స్ మేనేజర్‌లో హైదరాబాద్ ఒక్కటే పెట్టి, నొక్కితే నేరుగా వాట్సాప్ చాట్ తెరుచుకునేలా పెట్టాను, జీతాలు పడే నెల మొదటి వారంలో. తక్కువ మంది వచ్చారు, కానీ "పావు కేజీ ఉందా?" అని అడిగేవాళ్ళు వచ్చారు.

వాట్సాప్ బిజినెస్ యాప్‌లో కేటలాగ్ పెట్టండి, మళ్ళీమళ్ళీ అడిగే ప్రశ్నలకి క్విక్ రిప్లై పెట్టండి. బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మందిని చేర్చొచ్చు కానీ, మీ నంబర్ సేవ్ చేసుకున్నవాళ్ళకే మెసేజ్ చేరుతుంది. అందుకే పార్సిల్‌లో పెద్దమ్మ ఒక చీటీ వేస్తుంది: "మా నంబరు పెద్దమ్మ పచ్చళ్ళు అని రాసి పెట్టుకోండి." ఐడియా నాది, మాట తనది. రోజూ గుడ్ మార్నింగ్‌తో ఆఫర్ మాత్రం పంపకండి, బ్లాక్ చేస్తారు.

రివ్యూల గురించి ఒక్క సంఘటన. ఒకాయన గూగుల్‌లో 1 స్టార్ ఇచ్చాడు, డబ్బా మూత ఊడి నూనె అంతా కారిపోయిందని. పెద్దమ్మ మండిపోయి, "కొరియర్ వాడు పారేస్తే నేనేం చేస్తాను? అని రాయరా" అంది. వద్దు పెద్దమ్మా అని, ఆయనకి ఫోన్ చేయించాను. ఫోన్‌లో ఐదు నిమిషాలకే స్వరం మారిపోయింది, "అయ్యో, బట్టలకి అంటిందా బాబూ" అంటూ. తర్వాత రివ్యూ కింద తనే చెప్పి నాతో రాయించింది: "మూత మేం సరిగా బిగించలేదు, మా తప్పే. ఇంకో డబ్బా పంపించాం." ఆయన స్టార్లు మార్చాడా అంటే, మార్చలేదు. కానీ కొత్తగా ఆర్డర్ ఇచ్చేవాళ్ళలో ఇద్దరు ముగ్గురు ఆ జవాబు చదివే ఫోన్ చేశామన్నారు. రివ్యూ రాస్తే డిస్కౌంట్ అని మాత్రం ఇవ్వకండి, అది గూగుల్ పాలసీకి విరుద్ధం, దొరికితే ఆ రివ్యూలు తీసేస్తారు.

డొమైన్ ఇప్పుడు పెద్దమ్మ పేరు మీదే ఉంది. తన జీమెయిల్, తన నంబర్. 5 ఏళ్ళకి కట్టాం. రిమైండర్ నా ఫోన్ క్యాలెండర్‌లో పెట్టానని చెప్తే నా మొహం వంక ఒక చూపు చూసి, బీరువా తలుపు లోపలివైపు మార్కర్‌తో తనే రాసుకుంది: "2027 ఏప్రిల్, దుకాణం పేరు డబ్బులు." మొన్న వెళ్ళినప్పుడు చూశాను, దాని కింద ఇంకో లైను చేరింది: "వాణ్ణి నమ్మొద్దు."

వచ్చే ఎపిసోడ్‌లో సెర్చ్ కన్సోల్‌ని ఫోన్‌లోనే ఎలా సెట్ చేసుకోవాలో స్క్రీన్ రికార్డింగ్‌తో చూపిస్తాను. మీ డొమైన్ ఎక్స్‌పైరీ డేట్ ఈలోపు చూసి పెట్టుకోండి. ఉంటాను, బై.