లోపాలున్న అభ్యర్థి - సభలో మెజారిటీ
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సంఘానికి పార్టీలతో నిమిత్తం లేదు. కనుక ఎవరికి ఓటు వెయ్యాలో చెప్పను. ఎన్నికలు వచ్చినప్పుడల్లా మన సభ్యుల్లో వినిపించే ఒక మాట గురించి మాత్రం చెప్తాను. "పార్టీ మంచిదేనండీ, మా నియోజకవర్గంలో నిలబెట్టిన మనిషే మంచివాడు కాదు. అందుకని ఈసారి ఇంట్లో కూర్చుంటాను" అంటారు. ఆ బాధలో నిజాయితీ ఉంది. అయితే లెక్క తప్పింది.

ప్రభుత్వం ఏర్పడేది సభలో లేచే చేతులను బట్టి. నేడు ఆంధ్రప్రదేశ్ శాసనసభలో ఎన్నికైన సభ్యులు 175 మంది, మెజారిటీకి 88 కావాలి. తెలంగాణలో 119 మంది, 60 కావాలి. ఆ ఎనభై ఎనిమిదో సభ్యుడు మహాత్ముడా, మామూలు మనిషా అని లెక్కించేవారు అడగరు.

మన చరిత్రే చూడండి. 1954 నవంబరులో ఆంధ్ర రాష్ట్రంలో మద్యనిషేధం వివాదం మీద ప్రకాశం పంతులుగారి మంత్రివర్గం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. 1955 మధ్యంతర ఎన్నికలకు కాంగ్రెస్, ప్రజాపార్టీ, కృషికార్ లోక్ పార్టీ ఒక కూటమిగా ఏర్పడ్డాయి. వీరిలో ఒకరినొకరు వేదికలెక్కి విమర్శించుకున్నవారు ఎందరో! ఐనా ఒక్కో స్థానంలో ఒక్క అభ్యర్థినే నిలిపారు. 196 స్థానాల్లో 146 గెలిచారు. దాదాపు 31 శాతం ఓట్లు వచ్చిన కమ్యూనిస్టు పార్టీకి దక్కినవి 15 స్థానాలే. అది న్యాయమా అన్నది వేరే చర్చ. ఓట్లు చీలనివాడికి సభ దక్కుతుందన్నది మాత్రం అందరికీ తెలిసివచ్చింది.

1999 ఏప్రిల్ 17న లోక్‌సభలో వాజ్‌పేయిగారి ప్రభుత్వం 269-270తో, ఒక్క ఓటుతోనే ఓడింది.

మరి "నోటా" ఉంది కదా అంటారు. 2013 సుప్రీంకోర్టు తీర్పు తరువాత వచ్చిన ఆ మీట మన అసంతృప్తిని నమోదు చేస్తుంది. శాసనసభ ఎన్నికల్లో దానికే అందరికన్నా ఎక్కువ ఓట్లు వచ్చినా, అభ్యర్థుల్లో ముందున్నవాడే గెలిచినట్టు. ప్రిసైడింగ్ ఆఫీసర్లుగా పనిచేసిన మనకు ఇది ఒకరు చెప్పనక్కరలేదు.

మనకు దీనితో పనేమిటంటారా? 1-9-2004 నుంచి ఉద్యోగాల్లో చేరినవారికి ఉమ్మడి రాష్ట్రంలో కాంట్రిబ్యూటరీ పింఛను పథకం వచ్చింది. మన పిల్లలు ఎందరో అందులో ఉన్నారు. దాన్ని మార్చాలన్నా, ఉంచాలన్నా ప్రభుత్వమే నిర్ణయించాలి. ఆ ప్రభుత్వం నిలబడేది సభలో మెజారిటీ మీద. మంచివాడు దొరకలేదని మనం ఇంట్లో కూర్చుంటే ఆ నిర్ణయం ఆగదు. మన ప్రమేయం లేకుండా జరిగిపోతుంది.

అయితే ఎలాంటివాడినైనా మొయ్యమంటున్నారా అని అడగవచ్చు. కాదు. బియ్యంలో రాళ్ళున్నాయని ఎవరూ పస్తుండరు, ఏరుకుని వండుకుంటారు. ముక్కిపోయిన బియ్యమైతే పారబోస్తారు. మాటకారి కానివాడు, ముక్కోపి, ఊళ్ళోకి తరచు రానివాడు - ఇవి రాళ్ళు. ఓటుకు నోటు పంచేవాడు, జనాన్ని కొట్టించేవాడు - ఇది ముక్కిన బియ్యం. నోటు పంచినవాడు మన బాకీ అప్పుడే తీరిపోయిందనుకుంటాడు, రేపు మన అర్జీ ఎందుకు చదువుతాడు? 2003 నుంచి అభ్యర్థులు కేసులు, ఆస్తులు అఫిడవిట్లో చెప్పక తప్పదు. ఆ కాగితం చదవండి. జీవితమంతా ఫైళ్ళు చదివిన మనకు అదేం కష్టం?

ఇంకొక లోపాన్ని కూడా క్షమించలేం. ఏ ఎండకా గొడుగు పట్టేవాడిని గెలిపిస్తే మన లెక్కంతా తారుమారవుతుంది. మనం ఓటు వేసేది సభలో ఆ చెయ్యి మనవైపు లేస్తుందని కదా? 1985లో వచ్చిన ఫిరాయింపుల నిరోధక చట్టం విప్ ధిక్కరించినవారి సభ్యత్వం పోతుందంటుంది. కాని నిర్ణయం స్పీకరు చేతిలో ఉంది. అది నెలల తరబడి, ఏళ్ళ తరబడి నానడం మనం చూస్తూనే ఉన్నాం. అందుకని అభ్యర్థి స్వభావం కన్నా ముందు అతని నిలకడ చూడాలని నా మనవి.

చివరిగా ఒక మాట. లోపాలు తెలిసి గెలిపించినవారికి పని పోలింగు నాటితో తీరదు. గెలిచినవారిని నిలదీసే హక్కు మనకే ఎక్కువ. గెలిచిన నెలలోపు మన కోర్కెల పత్రం ఆయన చేతికి ఇవ్వాలి. ఏడాదికొకసారి పిలిచి జవాబు అడగాలి. రాకపోతే ఆ సంగతి మన పత్రికలో అచ్చువెయ్యాలి. ఈ పని మన సంఘం తరపున జిల్లా శాఖలు చేపట్టాలని కోరుతున్నాను.