చీటీల లెక్క



ఎవరి పేరున ఈ ఉపన్యాసం జరుగుతోందో ఆ మాస్టారు జీవితమంతా పిల్లలచేత పుస్తకాలు చదివించారు. అందుకే ఈ పూట నేటి పిల్లలు చదివే కథల గురించే మాట్లాడతాను. ఉన్నవాళ్లు, లేనివాళ్లుగా చీలిన రాజ్యం. దాని మీద తిరగబడే పదహారేళ్ల పిల్ల. చాలామంది పెద్దలు వీటిని కాలక్షేపం కింద కొట్టిపారేస్తారు. నేను ఒప్పుకోను.

మూలం వెతికితే 1895లో హెచ్.జి. వెల్స్ రాసిన ‘ది టైమ్ మెషిన్’ దగ్గర ఆగాలి. వెల్స్ తల్లి ఇంగ్లండులో అప్‌పార్క్ అనే జమీందారీ భవంతిలో హౌస్‌కీపర్. అక్కడ నౌకర్లు నేల కింది గదుల్లో, సొరంగాల్లో తిరుగుతూ పైవాళ్లకు అన్నీ అమర్చేవారు. కుర్రవాడు అదంతా కళ్లారా చూశాడు. నవలలో 8,02,701వ సంవత్సరం నాటికి పైన ఎండలో ఆడుకునే ఎలాయ్‌లు, కింద చీకట్లో యంత్రాల మధ్య బతికే మోర్లాక్‌లు వేరువేరు జాతులైపోయారు. కిందివాళ్లు పైవాళ్లను తింటారు. భయంకరమైన ఊహే, కానీ అందులో తిరుగుబాటు లేదు. 1927 నాటి ఫ్రిట్జ్ లాంగ్ సినిమా ‘మెట్రోపొలిస్’లో భూగర్భ కార్మికులు తిరగబడ్డారు గాని, చివరికి యజమాని కొడుకు రాజీ కుదిర్చాడు. పిల్లల కోసమే రాసిన లోయిస్ లోరీ ‘ది గివర్’ (1993)లో కుర్రవాడు ఊరు విడిచి పారిపోతాడు.

2008లో సుజాన్ కాలిన్స్ ‘ది హంగర్ గేమ్స్’ వచ్చింది. ఉత్తర అమెరికా శిథిలాల మీద వెలసిన పానెమ్ అనే దేశం. నడుమ కాపిటల్, చుట్టూ 12 జిల్లాలు. ఏటా జిల్లాకొక అమ్మాయిని, ఒక అబ్బాయిని చీటీ తీసి, ఒక్కరు మిగిలేదాకా చంపుకోమంటారు. దేశమంతా టీవీలో చూడాలి. ఏథెన్స్ పిల్లలను క్రీటు రాక్షసుడికి పంపిన గ్రీకు కథే దీనికి ప్రేరణ అని కాలిన్స్ చెప్పారు. మనకైతే ఏకచక్రపురం గుర్తుకొస్తుంది. బకాసురుడికి వంతు వచ్చిన ఇంటి బదులు కుంతి తన కొడుకునే పంపింది. ఇక్కడ చెల్లెలి పేరు పిలిస్తే అక్క కాట్‌నిస్ ముందుకొస్తుంది.

నేను ఆగి చూడమనేది ఆ చీటీల లెక్క దగ్గర. పన్నెండో ఏట ఒక చీటీ, ఆపై ఏటా ఒకటి చొప్పున కలుస్తుంది. ఇంట్లో తిండి లేకపోతే అదనపు చీటీ రాయించుకోవచ్చు. బదులుగా ఒక మనిషికి ఏడాదికి అరకొర ధాన్యం, నూనె ఇస్తారు. గనిలో తండ్రిని పోగొట్టుకున్న కాట్‌నిస్ తనకూ, తల్లికీ, చెల్లెలికీ కలిపి ఏటా మూడు అదనపు చీటీలు, తన మామూలు చీటీతో మొత్తం నాలుగు వేయించుకుంది. పదహారేళ్లకు 20 అయ్యాయి. స్నేహితుడు గేల్‌కు పద్దెనిమిదేళ్లకు 42. వాళ్ల ఊరి మేయరు కూతురికి ఐదు. చీటీ అందరికీ ఉంది, చట్టం అందరికీ ఒకటే, చావు మాత్రం ఆకలిగొన్న ఇంటి వైపు మొగ్గుతుంది. అన్యాయాన్ని పన్నెండేళ్ల పిల్ల వేళ్ల మీద లెక్కించగలిగేలా రాసిన పుస్తకం నేను మరొకటి చదవలేదు.

తర్వాత ఇలాంటివి వరదలా వచ్చాయి. విక్టోరియా ఎవియార్డ్ ‘రెడ్ క్వీన్’ (2015)లో ఏలేవాళ్ల నెత్తురు వెండి రంగు, ఊడిగం చేసేవాళ్లది ఎరుపు. ఆసక్తిగానే సాగుతుంది. కానీ తేడా నెత్తుట్లోనే ఉందంటే అది ప్రకృతి చేసినట్టు కనిపిస్తుంది. చీటీ అలా కాదు, దాన్ని రాసిన అధికారి ఒకడుంటాడు.

కాట్‌నిస్ కథ పుస్తకం దాటి వీధుల్లోకీ వచ్చింది. ఆమె జిల్లాలో ఆత్మీయులను సాగనంపేటప్పుడు మూడు వేళ్లు పెదవులకు ఆనించి పైకెత్తుతారు. 2014 మేలో థాయిలాండ్‌లో సైన్యం గద్దెనెక్కితే నిరసనకారులు అవే మూడు వేళ్లు ఎత్తారు. ఆ నవంబరులో ఖోన్ కేన్‌లో ఐదుగురు విద్యార్థులు సైనిక ప్రధాని ఎదుటే ఎత్తి నిర్బంధం పాలయ్యారు. 2021లో మయన్మార్ వీధుల్లోనూ అవే వేళ్లు.

ఇక ‘ది హంగర్ గేమ్స్’ వరుసలో మూడో నవల, 2010 నాటి ‘మాకింగ్‌జే’. తిరుగుబాటు గెలిచింది. దాని నాయకురాలు కాయిన్, ఈసారి కాపిటల్ పిల్లలతో ఒక్క ఆట ఆడిద్దామని ప్రతిపాదిస్తుంది. పాత పాలకుణ్ణి చంపమని కాట్‌నిస్ చేతికి విల్లిస్తే ఆమె బాణం కాయిన్‌కే వేస్తుంది. గెలిచినవాళ్ల చేతిలోనూ చీటీల బుట్ట ఉండకూడదని అంత తెగించి పిల్లలకు చెప్పినందుకే కాలిన్స్‌ను నేను వెల్స్ సరసన నిలబెడతాను.