ఇరకం దీవిలో ఒక్క రోజు

దీవి, బీచ్ అంటే అండమానే గుర్తొస్తుంది కదా? మన తిరుపతి జిల్లాలోనే ఒకటి ఉంది: పులికాట్ సరస్సులో ఇరకం.

తెల్లారకముందే కాణిపాకం వినాయకుడికి దండం పెట్టుకుని బైక్ తీశాం. తిరుపతి, శ్రీకాళహస్తి దాటి తడ. పక్కనే భీములవారిపాళెం రేవు, అక్కడి నుంచి పడవే. లోతు తక్కువ ఉప్పునీళ్లు, ఇసుక ఒడ్డు, చలికాలమైతే ఫ్లెమింగోలు. ఫోన్ పక్కన పడేసి హాయిగా పడుకున్నా.

తిరుగు పడవలో ఒక అక్క, ఒళ్లో జ్వరంతో కాలిపోతున్న బిడ్డ. సూళ్లూరుపేట ఆసుపత్రికంట. "మీకు సరదా తమ్ముడూ, మాకు ఇదే రోడ్డు" అనింది. నేను తీస్తున్న వీడియో ఆపేశా.

వెళ్లండి, తప్పకుండా. చివరి పడవ ఎప్పుడో ముందే కనుక్కోండి, చెత్త వెనక్కి తెచ్చేయండి, పడవలో చోటు ముందు ఊరోళ్లకివ్వండి. ఉంటా మరి!